మూతి మీద నెలవంక

రస్కుల డబ్బాలో తెచ్చాడు ఎయ్‌నారి కెత్తునెన్
నలభై రెండు ఖాళీ తూటాలు.
బల్ల మీద ఒలికిస్తే
గజ్జెల పట్టీ తెగినట్టు చప్పుడు.
"పిస్తోలుకి ఏదో రోగం, రైలీ" అన్నాడు
చేతి తొడుగులు విప్పకుండానే.

కెరిమాకిలో అప్పటికి మధ్యాహ్నం రెండు.
పురువెసి సరస్సు గడ్డకట్టి పది రోజులు.
దీపం వెలిగించి, భూతద్దం కంటికి ఇరికించుకున్నాను.

నేను ముందు రోగిని చూడను,
రోగి విడిచిన బట్టలు చూస్తాను.
ఇత్తడి అబద్ధమాడదంటారు.
నిజమే గానీ
అడిగినదానికే జవాబిస్తుంది,
అడగనిది కడుపులోనే దాచుకుంటుంది.

ఒక్కో గుల్లనూ అగ్గిపుల్లకు గుచ్చి తిప్పాను.
అడుగున సూది పొడిచిన గుంట
ఆవగింజ పట్టేంత, సరిగ్గా నడిమధ్య.
ఈడ్చిన తోక లేదు.
అంచున కొక్కెం పెట్టిన గోటిగాటు,
అది ప్రతి గుల్లకీ ఉండే పుట్టుమచ్చ.
ఒంటి పొడవునా ఓ గీత,
మ్యాగజైన్ పెదవి గీరింది,
పిల్లి గీరినంత, భయం లేదు.
నడుం దగ్గర ఉబ్బు లేదు.
మందు తక్కువైందేమోనని
అతను తెచ్చిన నిండు తూటా ఒకటి విప్పి తూచాను.
చీటీలో రాసినంతా ఉంది, ఎక్కువా లేదు తక్కువా లేదు.

ఇక మూతి.
నలభై రెంటిలో ముప్పై ఒకటికి
మూతి మీద ఓ నొక్కు,
విదియనాటి నెలవంకంత,
అన్నిటికీ ఒకే పక్కన.

ఎగిరిపోవలసిన గుల్ల
గుమ్మం దాటేలోపే
వెనక్కొచ్చే స్లయిడ్ తలుపు మూతికి తగిలిందన్నమాట.
ఎందుకు తగిలింది?

స్ప్రింగ్ మార్చాను.
కొక్కెం కింద పాత మసి గోకాను.
గుల్లను తన్నే ముక్కును మూడుసార్లు కొలిచాను.
శనివారం ఇసుక గుంటకు తీసుకెళ్ళి
పది పేల్చాను.
పదీ వెళ్ళి భూర్జ చెట్టు మొదట్లో పడ్డాయి
కోడి పెట్టిన గుడ్లలా ఒకేచోట,
మూతులు ఉంగరాల్లా గుండ్రంగా.

ఇంటికి వచ్చేయాలి అప్పుడే.
ఎందుకో మణికట్టు వదులు చేసి
ఇంకొకటి పేల్చాను.
గుల్ల నా బూటు పక్కనే పడింది.
మంచులోంచి తీసి చూస్తే
నెలవంక.

ఆ రాత్రి రసీదుల సొరుగు లాగాను.
ఇరవై ఏళ్ళుగా జిల్లా పోటీల్లో
గురి తప్పని మనిషి సంతకం:
నాలుగేళ్ళ కిందట కాగితం పట్టనంత,
నిరుడు సగం,
ఈ శరదృతువులో
చీమలు వరుస తప్పిన గీత.
ఇన్నాళ్ళూ నా బల్ల మీదే పెట్టిన గుర్తులు.
భూతద్దం అక్కర్లేనివి.

సోమవారం వచ్చాడు.
రెండు గుల్లలు పక్కపక్కన పెట్టాను,
నేను గట్టిగా పట్టి పేల్చింది,
వదులుగా పట్టి పేల్చింది.
మాట చెప్పలేదు.
అతనూ ఇత్తడి చదవగలిగినవాడే.
చాలాసేపు చూశాడు.
బయట ఎవరిదో ట్రాక్టరు మంచు తోసుకుంటూ పోయింది.

"స్ప్రింగ్ మార్చావా?"
"మార్చాను. పాతదీ బాగానే ఉంది."

అప్పుడు తొడుగులు విప్పాడు.
కుడి చేతిని బల్ల మీద పెట్టాడు
మరమ్మతుకు తెచ్చిన వస్తువులా.
బొటనవేలు తనంతట తాను
లేని బఠాణీగింజను దొర్లిస్తోంది.
"మరి దీనికి దొరుకుతుందా స్ప్రింగ్?"

"నా కొట్లో లేదు.
సావొన్‌లిన్నాలో నరాల డాక్టరమ్మ ఉంది,
గురువారం నా బండిలో పోదాం."

ఊ అనలేదు, ఉహూ అనలేదు.
నొక్కు పడ్డ గుల్లను జేబులో వేసుకున్నాడు.
మంచిదాన్ని నాకే వదిలేశాడు.

కాఫీ పోశాను.
కప్పులో సగానికే పోశాను.
అతను అది చూశాడు,
చూసి, ఏమీ అనకుండా
రెండు చేతులతో అందుకున్నాడు.