ముసాయిదా

బ్రాడీపేట నాలుగో లైన్లో హోటలు మేడ మీద
ఏసీ హాలు. తొంభై రెండు బ్యాచ్, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.
ఇరవై ఆరుగురం ఉండాలి, పంతొమ్మిది మందిమి వచ్చాం.
ఇద్దరు పోయారు.
మిగతావాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు.

లీడ్స్ నుంచి వచ్చిన హనుమప్రసాద్
ఏసీకి మఫ్లరు చుట్టుకుని మైకు పట్టుకున్నాడు.
పద్దెనిమిదేళ్ళు ఒకే ల్యాబులో.
తను పని నేర్పిన కుర్రాళ్ళే తన మీద ఆఫీసర్లయ్యారట.
ఎవరూ తిట్టలేదట, ఎవరూ కసరలేదట,
ప్రతిసారీ నవ్వుతూనే "ఈసారికి కాదు" అన్నారట.
"తలుపు కనపడదు, తల మాత్రం బొప్పి కడుతుంది" అన్నాడు.
గొంతు పూడుకుపోయింది.
నీళ్ళ సీసా అందించింది నేనే.
అబద్ధం కాదు ఆ కన్నీళ్ళు.
నాకు తెలుసు ఆ తలుపు.

అందుకని తీర్మానం చెయ్యాలన్నారు.
మన యూనివర్సిటీలో వివక్ష పోవాలని,
వీసీ గారికి ఇవ్వాలని, పేపర్లో పడాలని.
"దైవకుమారీ, నువ్వు రాయి. నీ అక్షరం ముత్యం."

అవును, నా అక్షరం.
ఆ రోజుల్లో సగం క్లాసు రికార్డులు నా చేత్తోనే.
హనుమప్రసాద్‌ది కూడా.
అదే ఉప్పు, అదే అవక్షేపం, అదే నీలం సిరా,
మార్జిను గీతలు కూడా ఒకే స్కేలుతో గీసినవి.
అతనికి పాతికకి ఇరవై నాలుగు.
నాకు పదహారు.
"ఏ ఊరమ్మా?" అన్నారు వైవాలో మేష్టారు.
పెదనందిపాడు దగ్గరండీ అన్నాను.
"ఊళ్ళోనా, పల్లెలోనా?"
ఉప్పు గురించి ఏమీ అడగలేదు.

కలం మూత తీశాను. మొదటి మాట దగ్గరే పేచీ.
"మేము" అని మొదలుపెట్టమంది విమలాదేవి,
అలా ఉంటే హుందాగా ఉంటుందని.
ఖాజావలి ఒప్పుకోలేదు.
"మేము అన్నామంటే వినేవాణ్ణి గడప బయట నిలబెట్టినట్టే.
మనం అని రాయండి.
ఇంగ్లీషువాడు ఎంత మొత్తుకున్నా వాడికి రెండిటికీ ఒకటే మాట,
మనకి వేరే ఉంది, వాడుకోవద్దా?"

మనం. ఎంత చల్లటి మాట.
ఇందులో సున్నా గిల్లేసి, వెనక "వాళ్ళు" తగిలించి
హాస్టల్ మెట్ల మీద, పెళ్ళి భోజనాల్లో,
లక్ష్మీపురంలో అద్దె ఇంటి గేటు దగ్గర
చెవి దగ్గరకొచ్చి అడిగేవాళ్ళు:
"మనోళ్ళేనా?"
ఊరంతటినీ చుట్టగల మాటని
పిడికెడు చేసి తాళంకప్పలా వేసుకున్నాం.

పైకే అనేశానేమో.
టీ కప్పులు ఏరుతున్న కుర్రాడు ఆగి నా వంక చూశాడు.
హనుమప్రసాద్ మఫ్లరు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు,
మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టే.
ఆపలేను.

చెంచయ్య ఉండేవాడు.
రేపల్లె అవతల యానాదుల పిల్లాడు.
నంబర్ల వరసలో నాదీ వాడిదీ ఒకే బెంచీ.
రెండో వారమే హెడ్ గారి గదికి వెళ్ళి
"అక్కడ వెలుతురు చాలదండీ" అని
చోటు మార్పించుకున్నాను.
వెలుతురు బాగానే ఉండేది. కిటికీ పక్కనే.
వాడికి తెలుసు.
బ్యూరెట్టు కడుగుతూ, తల ఎత్తకుండా అన్నాడు:
"అక్కా, నువ్వెళ్ళే చోట పొద్దునపూట ఎండ కొడుతుంది, చూసుకో."
దసరా సెలవుల తర్వాత రాలేదు.
హాజరు పట్టీలో కొన్నాళ్ళు గీతలు,
ఆ తర్వాత గీతలు కూడా లేవు.
నేను ఆరా తియ్యలేదు.
పల్లెలోనా అన్న మేష్టారి మీద కోపం మాత్రం
ముప్పై ఏళ్ళు భద్రంగా దాచుకున్నాను.

కాగితం మీద "మనం" అని రాసి ఉంది.
ముత్యంలాంటి అక్షరమే.
తర్వాత ఏం రాయాలో
అందరూ ఒకేసారి చెబుతున్నారు.

ఖాజావలిని అడిగాను,
రేపల్లె ప్యాసింజరు ఇప్పుడు ఎన్నింటికని.
"ఎందుకు?" అన్నాడు.

ఉన్నాడో లేడో.
ఉంటే, వెలుతురు సంగతి ఒకటి
చెప్పి రావాలి.