మిగిలిన సీటు

నాలుగేండ్ల చదువుకు నాలుగు మెమోలుంటె సాలు,
నాకు ఏడున్నయి.
ఎక్కువ చదివి కాదు,
కొన్నిటిని రెండుసార్లు రాసి.

మొదటేడు మైనం దిమ్మ మీద దవడపన్ను చెక్కమన్నరు.
నాది చింతగింజ లెక్క వచ్చింది.
సారు దాన్ని రెండు వేళ్లతోని ఎత్తి
"ఇది ఏ జంతువుదమ్మా?" అన్నడు.
క్లాసంత నవ్వింది. నేను గూడ నవ్విన,
పెదవులు మూసుకొని.

ఆఖరేడు వైవా.
ఎగ్జామినరు ఎక్కడి నుంచో వచ్చిండు.
ఏసీ గది, నా అరచేతుల్ల చెమట.
"ఫ్లోరోసిస్‌కు డీన్ సూచిక, మెట్లెన్ని? చెప్పు."
ఆరు.
ఒక్కటి గూడ యాదికి రాలె.
నోరు తెరవలె నేను.
తెరిచుంటె
అయిదో మెట్టు ఆయన కండ్ల ముందల్నే ఉండు,
ముందటి పండ్ల మీద,
నాకు ఎనిమిదేండ్లు నిండేదాక
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు కూసొని రాసిన
గోధుమరంగు రాత.

నాయన బోరుబండి మీద రాడ్లు మార్చెటోడు.
ఆరువందల ఫీట్ల కింద నీళ్లు పడ్డనాడు
కొబ్బరికాయ కొట్టి
మొదటి గిలాస నాకే తాపిండట.
ఇప్పటికీ గొప్పగ చెప్తడు.
నేను వింట. ఏమనను.

హౌస్ సర్జన్సీ అయినంక
నల్లగొండ ప్రకాశం బజార్ల విఠల్ సారు క్లినిక్కు.
నెలకు తొమ్మిదివేలు.
ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకునుడు, కుర్చీ తుడుసుడు,
"పెద్ద డాక్టరు లేడా బిడ్డా?" అని అడిగెటోళ్లకు
"వస్తుండు, కూసోండ్రి" అనుడు.
ఎక్స్‌రేలు చూసే లైటు డబ్బా కింద పుస్తకం పెట్టుకొని
మూడేండ్లు, మూడు పరీక్షలు.
మొదటిసారి అర్హత గూడ రాలె.
రెండోసారి వచ్చింది, సీటు రాలె.
మూడోసారి పదిహేడువేల నాలుగువందల పన్నెండు.
అది ర్యాంకా, బర్రె ధరా
అని మా చిన్నమ్మ అడిగింది.

పండ్లకు క్లిప్పులేసే శాఖ మంజరికి పోయింది.
దవడలు కోసే శాఖ నవాజుకు.
చిన్నపిల్లల పండ్లు, చిగుళ్లు, కట్టుడు పండ్లు
ఒక్కొక్కటి తెర మీద నుంచి రాలిపోయినయి.
ఆఖరి విడతల, రాత్రి పదకొండుంబావుకు,
కంప్రెసరు గురగురల నడుమ
ఒకటే లైను మిగిలింది:
పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ.

"దాంట్ల డ్రిల్లు గూడ పట్టవు గదా,
పేరుకు డాక్టరు, పనికి లెక్కలు రాసుడు"
అన్నడు విఠల్ సారు.
"మా ఇంట్ల ఒక డ్రిల్లు సాలు సార్" అన్న.
ఆయనకు సమజ్ గాలె.
నిజం చెప్పాలంటె
ఆ శాఖ మీద నాకేం ప్రేమ లేకుండె.
ఫీజు తక్కువ, అందుకే నొక్కిన.
నొక్కినంక చానాసేపు
మౌసు మీద నుంచి వేలు తియ్యలె.

నాలుగో నెలల క్యాంపు,
దేవరకొండ రోడ్డు దాటి లోపలికి, ఒక బడి.
నల్లా వచ్చిందంట,
పైపు పగిలిన్నాడు మల్ల బోరేనంట.
పిల్లలు వరుసల నిలవడ్డరు.
నోరు తెరువు, చూడు, అంకె చెప్పు.
నోరు తెరువు, చూడు, అంకె చెప్పు.
ఇరవై మూడో పిల్ల శివలీల
పెదవులు బిగబట్టింది. తెరువది.
టీచరు కండ్లెర్ర జేసింది.

నేను మాస్కు తీసిన.
టార్చి దాని చేతిలనే పెట్టి
కింద కూసొని నా నోరు తెరిచిన.

చానాసేపు చూసింది.
ఎగ్జామినరు కన్న ఎక్కువసేపు.
"మేడం, మీరు గూడ మా నీళ్లే తాగిన్రా?"
అంది, మెల్లగ.

వెనుక కార్డు పట్టుకున్న ఇంటర్ను
పెన్ను నోట్ల పెట్టుకొని అడుగుతుండు:
"స్కోరెంత?"

"ఎవరిది?" అన్న.