గట్టు మీద తూనీగ

పదకొండు నెలలు మేం కొండల్లో బస్సులు మారుతుంటే
ఇది ఇక్కడే ఉంది,
చేపలరేవు వెనక, ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన,
ఆరు తాటిదుంగల మీద.

డెక్కు మీద వేలితో గీశాను.
పైన నలుపు, బొగ్గు రేవు నుంచి వచ్చింది.
కింద ఎరుపు, ఇనుపరాయి.
గాలి ఏ నెలలో ఎటు తిరిగిందో తెలియడానికి
ఈ ఊళ్ళో పంచాంగం అక్కర్లేదు,
ఆరేసిన దుప్పటి చాలు.

తాళ్ళరేవు నుంచి గవర్రాజు దిగాడు,
గోనెసంచిలో ఉలులు, బాడిస, చుట్టల కట్ట.
పేరులో చివరి అక్షరం రాలిపోయి ఉంది.
"తూనీ... తుని పడవేంటండీ ఇది" అన్నాడు.
ఆ తర్వాత నవ్వలేదు.
పలక పలకకీ చెవి ఆనించి, వేలి కణుపుతో కొట్టుకుంటూ
ఒక పూటంతా చుట్టూ తిరిగాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
మూడుచోట్ల సుద్దతో సున్నా చుట్టాడు.
మూడోది ఇందుమతి పడుకునే చోటు, సరిగ్గా తలాపున.
మద్ది చెక్క
నానిన అటుకుల్లా చేతిలోకి రాలింది.

తెరచాప భుజాన వేసుకుని పూర్ణామార్కెట్టుకి వెళ్ళాం.
షామియానాలు కుట్టే రమీజాబీ
గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని
"ఎలకలు కొట్టలేదు, ఎండ కొట్టింది" అంది.
ఆమె దగ్గరున్న గట్టి దారం పసుపుపచ్చదే,
పెళ్ళిపందిళ్ళది.
పదికాలాలు ఉంటుందని అనలేదామె.
నాలుగు తుపాన్లు, అంది.
ఐదోది మీ ఇష్టం.

సముద్రం మీద ఉంటే ఇందుమతి రైళ్ళ గురించి మాట్లాడుతుంది.
రైల్లో ఉంటే నేను కిటికీలోంచి
జెండాలు ఎటు ఎగురుతున్నాయో చూస్తాను.
స్పితిలో మంచు కురిసిన రాత్రి
కోటు జేబులో చెయ్యి పెడితే ఉప్పు తగిలింది.
ఒక ఏడు నీళ్ళు, ఒక ఏడు నేల, అదీ మా ఒప్పందం.
రెంటికీ మధ్య ఈ నెలన్నర
ఎవరిదీ కాదు.
జాలారిపేటలో అద్దెగది.
కదలని మంచం మీద ఇద్దరికీ నిద్ర పట్టదు.
తగాదాలన్నీ ఇప్పుడే. రంగు గురించి, డబ్బు గురించి,
పాత లంగరు అమ్మాలా వద్దా అని రెండు రోజులు.
అమ్మలేదు.

ఎండకి పలకల మధ్య సందులు విచ్చుకున్నాయి.
లోపల కూచుంటే యారాడ కొండ
గీతలు గీతలుగా కనిపించేది.
గవర్రాజు జనపనార పేని, ఉలితో దూర్చి,
గుగ్గిలం నూనెలో కాచి పూశాడు.
ఇంకా బిగించమన్నాను.
"బిగించేత్తే ఎలాగండీ?
కర్ర నీళ్ళు తాగి ఉబ్బుద్ది కదండీ.
దానికి చోటుంచాలి. ఇక్కడే నింపేత్తే
అక్కడ పగుల్తాది."
ఇందుమతి నా వైపు చూడలేదు.
చూడకపోవడం నేను చూశాను.

అమావాస్య పోటుకి దించాం.
మైలపిల్లి దానయ్య మనుషులు పదహారు మంది,
కింద అరటిబోదెలు, పైన బూతులు.
"మొదటి రాత్రి కారుద్దండి, కంగారు పడకండి" అని
గవర్రాజు కాకినాడ బస్సెక్కేశాడు.

కారింది.
చెరో డబ్బా పట్టుకుని తోడాం.
పన్నెండింటికి మోకాళ్ళ దాకా,
మూడింటికి చీలమండల దాకా.
ఆ తర్వాత తోడటం మాని, చుక్కలు లెక్కపెట్టాం.
నిమిషానికి నలభై.
నిమిషానికి పదకొండు.
ఎక్కడో చెక్క కిర్రుమంది, ఒళ్ళు విరుచుకున్నట్టు.
దర్గా కొండ మీద దీపం ఒకటే మెలకువగా ఉంది.

తెల్లవారుజామున ఇందుమతి డబ్బా కింద పెట్టి
"గ రాయడం మర్చిపోయాం" అంది.
ఇప్పుడు రాయాలంటే
అంచు మీంచి తలకిందులుగా వేలాడాలి.
కుంచె నోట కరుచుకుంది, మళ్ళీ తీసింది.
"కాళ్ళు పట్టుకుంటావా?"

పట్టుకున్నాను.