బురుల్సున్ అవ్వ లెక్క

పొద్దుటి నుంచీ మాటల్లేవు మా నలుగురికీ.
వాగు దగ్గర ఎడమకి తిప్పింది నువ్వంటే నువ్వని
లాక్కుంటే మ్యాపు మడత దగ్గర చిరిగింది.

సోన్-కుల్ సరస్సుకి ఇవతల, వడగళ్ళు మొదలయ్యాక
ఒకే ఒక్క యుర్తా. పొగ.
గుమ్మానికి వేలాడే గొంగడి ఎత్తి పట్టుకుని
బురుల్సున్ అవ్వ.
ఎవరని అడగలేదు,
బూట్లు మాత్రం విప్పమంది, చేత్తో.

గిన్నె ఒకటే ఇచ్చింది.
పులిసిన గుర్రప్పాలు, పొగ వాసన, నాలిక మీద చిటపట.
ఒకరు తాగి ఒకరికి అందించాలి కదా,
అందించేటప్పుడు మొహం చూడాలి కదా.
మూడో చుట్టులో ఫణీంద్ర తుమ్మాడు, మీసమంతా తెల్లగా.
రెహానా నవ్వాపుకోలేక దుప్పట్లో తల దూర్చింది.
మ్యాపు ఎవరూ తియ్యలేదు.

తెల్లారి దొడ్లోంచి గొర్రెల్ని వదుల్తూ లెక్కపెడుతోంది,
బిర్, ఎకి, ఉచ్, తోర్త్...
వెనకే మేం బయల్దేరితే
మా వీపులూ తట్టి
అదే లెక్కలో కలిపేసుకుంది,
నూట పద్దెనిమిదో, ఎంతో.

కనుమ మీద పొగమంచు. వెనకవాళ్ళు కనపడరు.
కేకేశాను: బిర్!
చాలాసేపటికి, కింద ఎక్కడో, ఎకి.
ఉచ్.
నాలుగోది రాలేదు.
నిలబడిపోయాం, ఊపిరి కూడా చప్పుడవుతుందేమోనని.

అప్పుడు
తెల్లటి తెరలోంచి
ఒక తుమ్ము.