కారం తెలియని పురుగు

రోహిణి కార్తె. బయట నలభై ఆరు.
అమరావతి రోడ్డు తారు చెప్పులకు అంటుకుంటోంది.
లోపల, ఒకప్పటి పొగాకు గోదాము వెనకగదిలో
ఇరవై డిగ్రీల దగ్గర ఆగింది ఏసీ.
అంతకంటే వేడెక్కితే మా పురుగులు
గుడ్లు పెట్టడం మానుకుంటాయి.

నులిపురుగు అనగానే మస్తాన్‌బీ మొదట నవ్వింది:
"బళ్లో మాత్రేసి చంపేదాన్ని
మీరు ఏసీలో పెట్టి సాకుతున్నారా?"
ఇది ఎవరి కడుపులోనూ ఉండేది కాదు.
కుళ్లిన పండు మీద బతికే పిసరంత ప్రాణి.
మిల్లీమీటరు పొడుగు, గాజు ఒళ్లు,
మింగింది మింగినట్టు బయటికి కనిపిస్తుంది.

సీసాలు కడగడానికి వచ్చింది తను.
అంతకుముందు పదహారేళ్లు ఏటుకూరు రోడ్డు గోదాముల్లో
మిరపకాయలకు తొడిమలు తీసింది, కిలోకింత అని.
ఒకరోజు ప్లాటినం తీగతో ఒక్క పురుగును లేపలేక
నేను చెమటలు కక్కుతుంటే
"ఇటివ్వమ్మా" అంది.
తేజ కాయ నలగకుండా తొడిమ తుంచినట్టే
తోక తెగకుండా లేచింది పురుగు.
నాకది పట్టుబడడానికి రెండేళ్లు పట్టింది.

అప్పట్నుంచి నేను చెప్పడం, తను వినడం.
పుట్టే కణాలు వెయ్యిన్నీ తొంభై.
వాటిలో నూట ముప్పై ఒకటి చావడానికే పుడతాయి.
ఏది, ఎప్పుడు, అంతా ముందే రాసిపెట్టి ఉంటుంది.
"ఒంట్లోనే తాలు ఏరేస్తుందన్నమాట."
ఏరడం మరిచిన ఒళ్లు ఏమవుతుందో నేను చెప్పలేదు.
వాళ్లక్క రొమ్ములో గడ్డ చెప్పిందట,
పెద్దాసుపత్రిలో, మూడేళ్ల కిందటే.

గుంటూరులో కారం తెలియని ప్రాణి ఇదొక్కటే.
పళ్లెంలో మిరప సారంతో గీత గీస్తే
మంచినీళ్ల మీదుగా పోయినట్టు పోతుంది.
ఎక్కడో ఎవరో ముందే చేసినదే
మేమూ మా చేత్తో చేసి చూశాం:
ఎలుక జన్యువొకటి అరువిచ్చాం.
దాని పిల్లలు గీత దాకా వచ్చి, ఆగి,
వెనక్కి తిరిగాయి.
మేం కేకలు వేశాం.
మస్తాన్‌బీ తన వేళ్లకేసి చూసుకుంది.
"పాపం, ఇన్నాళ్లూ సుఖంగా ఉంది."

ఆ తర్వాతి పని, నోరు మూయించడం.
జన్యువు పలికే మాటకు జంటపేట పేని
బాక్టీరియాలో దాచి తినిపిస్తే
ఆ ఒక్క మాటా పురుగు ఒంట్లో మూగబోతుంది.
"మేస్త్రీ టీ తాగిస్తే కూలిరేటు మాట
ఎవరం ఎత్తేవాళ్లం కాదు, అట్లాగా?"
అట్లాగే. ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

దీని చుట్టమే మిరప వేళ్లకు బుడిపెలు కట్టించేది.
దాని మీదా అదే ఉపాయం,
నల్లపాడు అవతల ఇమ్మానియేలు కౌలుచేలో.
సగం మళ్లలో వేళ్లు నున్నగా వచ్చాయి.
మిగతా సగంలో ఎందుకు రాలేదో తెలీదు.
"సగం బాకీ తీరినా పండగే," అన్నాడతను,
మట్టి దులిపి వేరు నా చేతిలో పెడుతూ.

ఇప్పుడు బల్ల మీద పేటెంటు దరఖాస్తు.
కనుగొన్నవారు అన్న గడిలో నాలుగు పేర్లు, నాది రెండోది.
వకీలు ఫోన్లో చెప్పాడు: చేతిపని లెక్కలోకి రాదు,
ఆలోచన ఎవరిదైతే వాళ్లదే.
సరేనని సంతకానికి కలం మూత తీశాను.
మూడో క్లాజు దగ్గర చెయ్యి ఆగింది.
"ఒక రాత్రి ఆహారం నిలిపిన పిమ్మట..."

రంజాన్ నెల అది. నాలుగు వారాలుగా
పురుగులు మేం పెట్టింది సరిగ్గా ముట్టడం లేదు.
నీళ్లయినా తాగకుండా పళ్లేలు సర్దుతూ తనే అంది:
"ఒక రాత్రి పస్తుంచండమ్మా.
ఆకలి తెలిస్తే ఎందుకు తినవు?"

ఫ్రీజరు గురగురమంటోంది.
సున్నాకు ఎనభై కింద, గడ్డకట్టి, చావకుండా,
ధర కోసం కోల్డ్ స్టోరేజీలో కాచుకున్న టిక్కీల్లా
వేల పురుగులు.

మస్తాన్‌బీ, నీ పూర్తి పేరు చెప్పు.
"ఎందుకు, జీతం స్లిప్పుకా?"
చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితంలోకి వంగింది.
"షేక్ మస్తాన్‌బీ. కలిపి రాయండి.
విడగొడితే ఆధార్‌తో కుదరదు."