ఎడమ మణికట్టు

ఈ ఊళ్లో చేతిగడియారాలకి రోగం ఒక్కటే.
ఉప్పు.
బీచ్‌రోడ్డు మీద పొద్దున్నే నడిచొచ్చినవాళ్ల చెమటా
గాలి మోసుకొచ్చిన సముద్రమూ
వెనకవైపు రెండు చిన్న పిన్నుల మీద
చిలుంలా, పచ్చగా పేరుకుంటాయి.
"నిన్నటిదాకా బాగానే ఉందండీ" అంటారు అందరూ.
నిన్నటిదాకా అన్నీ బాగానే ఉంటాయి.

డాబాగార్డెన్స్‌లో మెట్ల కింద నా బల్ల.
ఒక పాత పళ్ల బ్రష్షు, స్పిరిట్ సీసా, దూది,
గీతలు చూడ్డానికి ఒంటికన్ను భూతద్దం.
సబ్బు పెట్టి కడక్కండి, తడి మీద ఛార్జింగు పెట్టకండి,
పడుకునేప్పుడు పట్టీ కింద వేలు దూరేంత సందు ఉంచండి.
రోజుకి ఇరవైసార్లు చెబుతాను.
ఇంటికెళ్లి నాది సబ్బుతోనే కడుగుతాను.

మొన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ గవరయ్యగారు వచ్చారు.
జగదాంబ జంక్షన్లో నిలబడ్డ చోటే నిలబడితే
పదకొండు వేల అడుగులు చూపిస్తోందట.
"నడిచిందెవడు?" అని నన్నడిగారు,
నిందితుణ్ణి అప్పజెప్పమన్నట్టు.
బస్సుల్ని పిలిచిన చెయ్యి సార్, లారీల్ని ఆపిన చెయ్యి.
రెండో చేతికి మార్చి పంపాను.
మర్నాడు నాలుగు వందలు.
సాయంత్రమే వచ్చి, పాతదే బాగుంది మార్చెయ్ అన్నారు.

పెదజాలారిపేట నుంచి గరికిన ఎల్లమ్మ వచ్చినప్పుడు
మబ్బు పట్టి ఉంది.
చేపల తట్ట కింద పెట్టి
చెయ్యి చాపింది, సూదిమందుకి చాపినట్టు.
"సుగరని నడవమన్నారు కేజీహెచ్‌లో. మేనకోడలు కొనిచ్చింది.
ఇదేటి బాబూ, నాకు గుండి నేదంటాది.
బతికున్నానో నేదో నువ్వు సూసి సెప్పు."

తెర మీద రెండు గీతలు. అంకె లేదు.
వెనక అద్దం తుడిస్తే పొలుసొకటి ఊడొచ్చింది, వెండిలా.
ఆపి మళ్లీ వెలిగించాను.
ఫోనుతో జత తెంపి మళ్లీ కలిపాను.
కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కేదాకా
ఆమె మెట్టు మీద కూర్చుని హార్బర్ ధరలు చెప్పింది,
వంజరం ఎంతో, చందువ ఎంతో.
నా చేతికి పెట్టుకుంటే డెబ్బై ఆరు.
ఆమె చేతికి పెడితే రెండు గీతలు.

అప్పుడు గాజులు పైకి తోశాను.
మణికట్టు మీద పచ్చబొట్టు.
అంచులు చెదిరి ఒకదాన్నొకటి ఆనుకున్న అక్షరాలు:
నూకాలు.

దీని దీపం ఆకుపచ్చది అమ్మా, చర్మంలోకి దిగి
నెత్తురు కొట్టుకోవడం చూసి తిరిగి రావాలి.
ఈ పచ్చ ఆ పచ్చని లోపలే ఉంచేసుకుంటోంది.
గడియారానిది తప్పు లేదు. నీదీ లేదు.

"ఐతే నూకాలుదే తప్పు" అంది, నవ్వుతూ.
పదమూడేళ్లప్పుడు జాతరలో
ఒకే సూదితో, ఒకళ్ల చేతి మీద ఒకళ్ల పేరు.
"ఏడుపంతా అదే ఏడిసింది. నాను నేదు."
పెళ్లయ్యి పారాదీప్ పోయింది. అక్కడ ఎండుచేపల బేరం.
నంబరు ఉండేది. ఫోనే పోయింది.

కుడిచేతికి పెట్టుకో అన్నాను.
"కత్తి సెయ్యి అది. నీల్లు, రగతం, పొలుసు."
రెండు వేళ్లు పైకి జరిపి బిగించాను.
ఎనభై రెండు.
గాజులు జారి తగలగానే పోయింది.
గాజులు తియ్యదు. నేనూ అడగలేదు.

చివరికి గుండె లెక్క ఆపెయ్యమంది.
"దాని సంగతి నాకు తెలుస్తాది.
అడుగులు సెప్పమను, సాలు."
సెట్టింగుల్లోకి వెళ్లి ఆపాను.
పేరు మీద దీపం ఆరిపోయింది.

ముప్పై రూపాయలు బల్ల మీద పెట్టి
తట్ట నెత్తికెత్తుకుని, నాలుగడుగులేసి ఆగింది.
"దానికీ ఇలాటిది ఎవులైనా కొనిచ్చారనుకో.
నా పేరు కాడ
ఇలాగే ఆగిపోద్దా?"

రంగుని బట్టి ఉంటుంది అన్నాను.
"ఒకటే రంగు" అంది.

చినుకులు మొదలయ్యాయి.
తడవనియ్యకు అని వెనకనుంచి అరిచాను,
చేపలమ్మే మనిషితో.