మూడు అచ్చులు

డ్యూక్ పేరు ఉబాల్దో.
అందులో అచ్చులు మూడు: ఉ, ఆ, ఓ.
పాటలు కట్టే యోరిస్ మాస్టారు
చేపలోంచి ముల్లు తీసినంత నేర్పుగా వాటిని బయటికి తీసి
ఉత్, ఫా, సోల్ అని స్వరాలు చేశాడు.
ఆ మూడింటినే సాగదీసి పాడటం నా ఉద్యోగం.

పైన పిల్లల గొంతులు పిచ్చుకల్లా కొట్టుకుంటాయి.
కింద మంద్రం పీపాలా దొర్లుతుంది.
నడుమ దూలంలా నేను.
"ప్రభువా, కరుణించు" అని అందరూ దేవుణ్ణి పిలుస్తుంటే
నేనొక్కణ్ణే డ్యూకుని పిలుస్తుంటాను.
ఆయన ముందు వరుసలో, మఖ్మల్ దిండు మీద మోకాళ్లూని,
తన పేరు సాంబ్రాణి పొగతో కలిసి
కప్పుదాకా ఎక్కడం కళ్లు మూసుకుని చూస్తాడు.

ఇందుకు నాకు
రోజుకు రెండు రొట్టెలు, ఓ కూజా వైన్,
క్రిస్మస్‌కి ఆరు మూరల నల్ల ఉన్ని గుడ్డ.
పైగా, నేనెన్నడూ చూడని ఏదో ఊరి చర్చికి ముట్టే దశమభాగం.
ఆ ఊరి కాపరికి తెలీదు,
తన పదో గొర్రె ఇక్కడ నా గొంతులో అరుస్తోందని.

మొన్న బిషప్ గారి మనిషి వచ్చాడు, ఫ్రా సిల్వెరియో.
వేలు తడిచేసుకుని పుటలు తిప్పి
"ఇన్ని గొంతులు పెనవేస్తే దేవుడి మాట వినపడేదెలా? కత్తిరించండి" అన్నాడు.
డ్యూక్ నవ్వాడు.
"ఏం కత్తిరించినా సరే, నడిమి గొంతు జోలికి మాత్రం పోవద్దు."
ఆ రాత్రంతా యోరిస్
ఒకరి కోసం గీకి, ఇంకొకరి కోసం రాసి
తెల్లారేసరికి తోలుకాగితాన్ని చిల్లుపడేటంత అరగదీశాడు.
నిజం చెప్పాలి,
ఆ పలచనలో పాట మునుపటికన్నా బాగుంది.

నేను చేసే దొంగతనం ఒక్కటే.

పదకొండేళ్లప్పుడు
కంబ్రే నుంచి బేరమాడి తెచ్చిన కుర్రాళ్లం ఇద్దరం,
నేనూ, లీవెనూ.
సేసియా నది పొంగి ఉంది.
రేవువాడు నడుంలోతు నీళ్లలో నిలబడి
"గువాదో! గువాదో!" అని అరిచాడు,
దాటే చోటు ఇదే, ఇటు రండని.
ఆ కేక పట్టుకుని నడిచాను నేను.
లీవెన్‌ది నాకన్నా మంచి గొంతు.
వాడి కోసం ఇచ్చిన బయానా తిరిగిమ్మని
డ్యూక్ గుమాస్తా మూడేళ్లు ఉత్తరాలు రాశాడు.

ఉ, ఆ, ఓ.
పూజ నడుస్తుంటుంది.
తన పేరుకి తానే తలవంచుతాడు డ్యూక్.
నేను ఆ చివరి సోల్‌ని
ఊపిరి అడుగంటేదాకా వదలను,
అవతలి గట్టున ఎవడైనా
ఇంకా రేవు వెతుక్కుంటున్నాడేమోనని.